ఉప్మా ఒక్కటే చాలదు

విజయవాడ వన్‌టౌన్‌లో చోటు ఎప్పుడూ ఇరుకే. కాళేశ్వరరావు మార్కెట్ వెనక సందుల్లోనూ, వించిపేట, ఇస్లాంపేటల్లోనూ, కొండల వాలు మీద మెట్ల వెంబడి పైపైకి పాకిన ఇళ్లలోనూ ఒక గది, ఓ మూల పొయ్యి, గుమ్మం ముందు మూడడుగుల అరుగు. చోటు లేకపోయినా చేతులకు కొదవుండేది కాదు. తల్లి పనికి వెళ్తే బిడ్డను చంకనేసుకోవడానికి అమ్మమ్మో, పిన్నో, పక్కింటి అక్కో ఉండేది. ఇప్పుడు అమ్మమ్మ ఊళ్లో ఉండిపోయింది. పిన్ని చీరల కొట్లో కౌంటరు దగ్గర నిలబడుతోంది. పక్కింటి అక్క కాలేజీకి పోతోంది. బిడ్డను ఎక్కడో ఒకచోట దింపి వెళ్లక తప్పదు.

అందుకే వీధికో ప్లే స్కూలు, సందుకో డే కేర్ వెలిశాయి. స్తోమత ఉన్నవాళ్లు అక్కడికి, లేనివాళ్లు అంగన్‌వాడీకి. ఎక్కడ దింపినా సాయంత్రం తల్లి అడిగేవి మాత్రం రెండే: "తిన్నాడా?", "ఏబీసీడీలు చెప్పారా?" ఒకటి కడుపు లెక్క, ఇంకోటి బుర్ర లెక్క. సర్కారూ అలాగే పంచుకుంది. తిండి శిశు సంక్షేమ శాఖది, చదువు విద్యాశాఖది. ఐదేళ్ల లోపు పిల్లల ఒంటికి మాత్రం ఈ పంపకం పట్టదు. ఎందుకు పట్టదో చెప్పే గట్టి ఆధారాల్లో ఒకటి మన తెలుగునేల మీదే, ఉప్మా గిన్నెలోంచి బయటపడింది.

1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక పరిశీలన చేసింది. అంగన్‌వాడీ పథకం అప్పటికే చేరిన 15 పల్లెల్లో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్ల లోపు పిల్లలకు రోజూ ఉప్మా వండి పెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండి, సోయా నూనె దాని సరుకు. పిల్లల వాటా రోజుకు సుమారు 300 కేలరీలు. పథకం ఇంకా చేరని 14 పల్లెల్లో ఆ ఉప్మా లేదు. పదిహేనేళ్ల తర్వాత పరిశోధకులు మళ్లీ ఆ ఊళ్లకు వెళ్లి, అప్పటి పసివాళ్లలో 13 నుంచి 18 ఏళ్ల వయసుకొచ్చిన 1,165 మందిని కొలిచారు. ఉప్మా తిన్న పల్లెల పిల్లలు మిగతావాళ్లకన్నా సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. అంటే మూడేళ్ల వయసులో తిన్నది పదిహేనేళ్లకు రక్తనాళాల్లో కనిపించింది. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

అదే పిల్లల చదువుల లెక్కలు తర్వాత ఇంకో బృందం తీసింది. ఉప్మా పల్లెల పిల్లలు బడిలో ఎక్కువకాలం నిలిచారు, సగటున దాదాపు ఒక తరగతి ఎక్కువ చదివారు. మార్కుల్లో మాత్రం తేడా రాలేదు. ఊళ్లను చీటీలు తీసి ఎంచలేదు గనుక ఈ ఫలితాన్ని కాస్త ఆచితూచి చదవాలి. అయినా చెప్పేదేమిటో స్పష్టంగానే ఉంది. ఉప్మా పిల్లల్ని బడిదాకా నడిపించింది, బడిలో నిలబెట్టింది. అక్కడ వాళ్లు ఎంత నేర్చారన్నది మాత్రం దాని చేతిలో లేకపోయింది.

తిండిని తక్కువ చేస్తున్నానని అనుకోకండి. పసిమెదడు ఎంత తిండిపోతో తెలిస్తే ఎవరూ ఆ పని చేయరు. 2014లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, పెద్దవాళ్లలో ఒళ్లు విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో మెదడు వాటా సుమారు అయిదో వంతు. ఐదేళ్ల పిల్లల్లో అది మూడింట రెండొంతుల దాకా పోతుంది. సరిగ్గా ఆ వయసులోనే ఒంటి ఎదుగుదల మందగిస్తుంది. "బిడ్డ తింటున్నాడు గానీ ఒళ్లు చేయడం లేదండీ" అని తల్లులు వాపోయే వయసు అదే. తిన్నదంతా పైకి, తలలోకి పోతోంది. నరకణాల మధ్య కొత్త కనెక్షన్లు పడుతున్నాయి, వాడుకున్నవి గట్టిపడుతున్నాయి, వాడనివి రాలిపోతున్నాయి. ఈ పనికి చక్కెర కావాలి, ఇనుము కావాలి, కొవ్వు కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత. ఐదేళ్ల లోపు వారిలో 31.2 శాతం మంది వయసుకు తగ్గ పొడవు లేరు. అన్నపూర్ణ అనిపించుకున్న కృష్ణా డెల్టా ఉన్న రాష్ట్రం సంగతి ఇది. కడుపునిండా అన్నం తిన్నా ఇనుము అందకపోవచ్చని ఈ అంకెలు చెబుతున్నాయి. అంగన్‌వాడీలో పెట్టే గుడ్డును ఆ లెక్కలోనే చూడాలి.

ఇక "వాడుకున్నవి గట్టిపడతాయి" అన్న మాట దగ్గరకొద్దాం. వాడించేది ఎవరు?

ఈ ప్రశ్నకు జమైకాలోని కింగ్‌స్టన్ మురికివాడల్లో జవాబు వెతికారు. 1980ల్లో శాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ అనే వైద్యురాలి బృందం ఎదుగుదల కుంటుపడిన 129 మంది పసివాళ్లను నాలుగు జట్లుగా చేసింది. ఒక జట్టుకు వారం వారం పాలపొడి. రెండో జట్టు ఇళ్లకు వారానికో గంట ఆరోగ్య కార్యకర్త వెళ్లి, ఇంట్లో పారేసే డబ్బాలు, మూతలతో చేసిన బొమ్మలతో బిడ్డను ఎలా ఆడించాలో, ఎలా మాట్లాడించాలో తల్లికి చూపించేది. మూడో జట్టుకు రెండూ. నాలుగో జట్టుకు ఏదీ లేదు. రెండేళ్లు ఇలా సాగింది. పాలు మేలు చేశాయి, ఆట మేలు చేసింది, రెండూ అందినవాళ్లు అందరికంటే ముందుకెళ్లారు. కథ అక్కడితో అయిపోలేదు. ఇరవయ్యేళ్ల తర్వాత చూస్తే, పాలపొడి ప్రభావం చాలావరకు ఇంకిపోయింది. ఆట అందిన పిల్లలు మాత్రం అందనివాళ్లకన్నా 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. వారానికి ఒక్క గంట, అదీ చదువుల గొప్పేమీ లేని కార్యకర్త చేత!

తిండి, బట్ట, పడక అన్నీ ఉండి, పలకరించే మనిషి లేకపోతే ఏమవుతుందో రుమేనియా అనాథాశ్రమాలు చూపించాయి. బుఖారెస్ట్‌లో 2000ల ఆరంభంలో మొదలైన పరిశీలనలో 136 మంది పసివాళ్లలో సగం మందిని చీటీ వేసి పెంపుడు కుటుంబాలకు పంపారు. ఆశ్రమంలోనే ఉన్నవాళ్ల మెదడు విద్యుత్ తరంగాలు బలహీనంగా ఉన్నాయి, ఒళ్లు కూడా వెనకబడింది. రెండేళ్లు నిండకముందే ఒక ఒడి దొరికినవాళ్లు బాగా కోలుకున్నారు.

ఇవన్నీ దూరపు సంగతులు. వన్‌టౌన్ అంగన్‌వాడీలో భోజనాల వేళ ఏం జరుగుతుందో కాస్త ఆగి చూస్తే సైన్సు అంతా అక్కడే ఉంది. ఆయమ్మ పప్పు గిన్నె దించుతుంది. టీచర్ ఒక మూడున్నరేళ్ల పిల్లకు కంచాల దొంతర ఇచ్చి, "అందరికీ తలొకటి వేసిరా బంగారం" అంటుంది. పిల్ల దొంతరను పొట్టకు ఆనించుకుంటుంది. అంత బరువు మోస్తూ, కూర్చున్నవాళ్ల కాళ్లు తొక్కకుండా నడవడం ఒళ్లు నేర్చుకోవాల్సిన విద్య. ఒక్కొక్కరి ముందు ఒక్కో కంచం పెడుతుంది. మనిషికి ఒకటి, ఒకటికి మనిషి. గణితమంతటికీ పునాది ఈ జత కుదర్చడమే. ఒకటి నుంచి వంద దాకా గడగడా ఒప్పజెప్పే పిల్లవాడికి ఇది రాకపోవచ్చు. చివర్లో ఓ పిల్లవాడి ముందు కంచం లేదు. పిల్ల ఆగిపోతుంది. టీచర్ వెంటనే అందించకుండా, "ఏమైందమ్మా, ఎన్ని తక్కువ?" అంటుంది. "వాడికి లేదు." "వాడికి లేకపోతే ఏం చేద్దాం?" పిల్ల వెనక్కి పరుగెత్తుతుంది.

అర నిమిషం పని. అందులో లెక్క ఉంది, మాట ఉంది, ఒంటి అదుపు ఉంది, "వాడికి లేదు" అని గుర్తించే మనసు ఉంది. టీచర్ తొందరపడి కంచం తానే వేసేసి ఉంటే ఈ నాలుగూ పోయేవి. పిల్ల ఒక మాట అంటే పెద్దవాళ్లు దానికి బదులు పలకడం, ఆ బదులుకు పిల్ల మళ్లీ పలకడం – ఈ ఇచ్చిపుచ్చుకోవడమే మాటల నరాల దారులను పదును పెడుతుందని శిశు మనస్తత్వ పరిశోధకులు ఏళ్ల తరబడి చెబుతున్నారు. టీవీ ఎంత మాట్లాడినా, ఫోను ఎన్ని రైమ్స్ పాడినా ఆగి అడగదు.

ఆటల్లో కూడా ఇంతే. నేల-బండ ఆట తీసుకోండి. దొంగ నేల కోరుకుంటే మిగతావాళ్లు బండ మీద ఉండాలి, బండ కోరుకుంటే నేల మీద. కొండ మెట్లున్న వీధిలో బండలకు కరువేముంది! ఇప్పుడు ఏ నియమం నడుస్తోందో గుర్తుంచుకోవాలి. అవతలి గట్టుకు ఉరకాలన్న ఆరాటాన్ని అదుపు చేసుకోవాలి. నియమం తిరగబడగానే తానూ తిరగబడాలి. జ్ఞాపకం పట్టి ఉంచడం, ఆత్రం ఆపుకోవడం, దారి మార్చుకోవడం – నుదుటి వెనక ఉండే మెదడు భాగం చేసే ఈ మూడు పనులనే పరిశోధకులు నిర్వహణ సామర్థ్యాలంటారు. మూడు నుంచి ఐదేళ్ల మధ్య ఇవి వేగంగా పెరుగుతాయి. బడిలో కుదురుగా కూర్చోవడం, లెక్క మధ్యలో దారి తప్పకపోవడం వీటిమీదే ఆధారపడతాయి. అమెరికాలోని ఇప్సిలాంటిలో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ ప్రయోగంలో, అక్కడికి వెళ్లినవాళ్లను, వెళ్లనివాళ్లను కలిపి 123 మందిని నలభై ఏళ్ల వయసు దాకా వెంటాడి చూశారు. ప్రీస్కూల్ తెచ్చిన ఐక్యూ పెరుగుదల కొన్నేళ్లకే కరిగిపోయింది. ఉద్యోగం, ఆదాయం, పోలీసు కేసుల్లో ఇరుక్కోకపోవడం లాంటి చోట్ల మాత్రం తేడా నిలిచింది. నిలిచినవి ఓపిక, పట్టుదల, నలుగురితో మెలగడం. ఏ ప్లే స్కూలు ప్రోగ్రెస్ కార్డులోనూ వీటికి గడులుండవు.

గడులున్నదల్లా రాతకే. మూడేళ్లవాడి చేత నాలుగు గీతల పుస్తకం నింపించే కాన్వెంట్లు మన ఊళ్లో తక్కువేం కాదు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థే. మూడేళ్లకు ఎక్స్‌రే తీస్తే ఎముకగా మారినవి రెండో మూడో కనిపిస్తాయి. ఆ చేతికి పెన్సిలు బిగించి పేజీలు నింపమంటే వేళ్లు నొప్పి పుడతాయి, చదువంటే విసుగు పుడుతుంది. బఠాణీలు ఒలవడం, పిండి పిసకడం, చింతగింజలు ఏరడం ఆ వయసు వేళ్లకు తగిన పని. అక్షరాభ్యాసంలో బియ్యంలో వేలితో రాయించిన మన పెద్దలకు ఎక్స్‌రే లేకపోయినా ఆ మాత్రం తెలిసే ఉంటుంది. మర్నాడే నోటు పుస్తకం కొనడం మనం చేర్చిన ముచ్చట.

నిద్రను మరీ చులకన చేస్తాం. "పడుకోబెట్టడానికా ఫీజు కట్టింది?" అని అడిగే తండ్రులున్నారు. 2013లో అమెరికాలో ప్రీస్కూల్ పిల్లల మీద ఒక చిన్న ప్రయోగం చేశారు. పొద్దున ఏ బొమ్మ ఏ గడిలో ఉందో గుర్తుపెట్టుకునే ఆట ఆడించి, మధ్యాహ్నం ఒకరోజు పడుకోబెట్టారు, ఇంకోరోజు మెలకువగా ఉంచారు. పడుకున్న రోజు బాగా గుర్తుంది. పడుకోని రోజు మరిచిపోయినవి ఆ రాత్రి నిద్రతో కూడా తిరిగి రాలేదు. పొద్దున నేర్పింది మధ్యాహ్నం చాప మీద స్థిరపడుతోందన్నమాట. విజయవాడ మే నెల ఎండలో, రేకుల కప్పు కింద, ఫ్యాను సరిగ్గా తిరగని గదిలో ఆ చాప పని ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. గదికి చల్లటి కప్పు వేయడం కూడా చదువు ఖర్చే.

దిగులు సంగతీ ఉంది. ఒత్తిడిలో ఒంట్లో ఊరే కార్టిసాల్ పొద్దున ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గాలి. ఇంట్లో ఉన్న పిల్లల్లో అలాగే తగ్గుతుంది. రోజంతా డే కేర్‌లో ఉండే రెండు నుంచి నాలుగేళ్ల పిల్లల్లో చాలామందికి మధ్యాహ్నానికి పెరుగుతుందని లాలాజల పరీక్షల్లో తేలింది. డే కేర్ చెడ్డదని దీనర్థం కాదు. ఒక్కో బిడ్డనూ పట్టించుకునేంత తీరిక ఉన్న చోట ఆ పెరుగుదల తక్కువ. పొద్దున గేటు దగ్గర ఏడ్చే బిడ్డను రోజూ ఒకే మనిషి ఎత్తుకోవడం, వాడి పాత తువ్వాలు వాడి దగ్గరే ఉండనివ్వడం మందులాంటి పనులు.

ఇదంతా కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. మాంటిస్సోరి అన్న పేరు మనకు ఫీజుల బోర్డుల మీద బాగా పరిచయం. మరియా మాంటిస్సోరి మొదటి బడి 1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లొరెంజో పేటలో తెరుచుకుంది. అది అచ్చంగా వన్‌టౌన్ కొండవాలు లాంటి కూలీల పేట. తల్లిదండ్రులు పనికిపోతే పిల్లలు మెట్ల మీద తిరుగుతూ గోడలు పాడుచేస్తున్నారని, ఇంటి యజమానులు వాళ్లను ఒక గదిలో చేర్చి ఆమెకు అప్పగించారు. ఆ తొలి మాంటిస్సోరి బడి ఒక పేదల డే కేర్. ఒళ్లు కడుక్కోవడం, తిండి వడ్డించడం, గుండీలు పెట్టుకోవడం అక్కడ పాఠాలు. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల ఏళ్ల తరబడి ఉండిపోయి వందల మంది టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఆ గాలి కృష్ణ ఒడ్డుకూ వీచింది. వేగె కోటేశ్వరమ్మ 1955లో విజయవాడలో మాంటిస్సోరి బడి మొదలుపెట్టారు. అది ఆడపిల్లల కళాశాల దాకా పెరిగింది. 2017లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది, 2019లో కన్నుమూశారు. ఆమె కాలంలో మధ్యతరగతి తల్లిదండ్రులకు ఆడుతూ నేర్చుకునే బడి అంటే ఏమిటో ఊళ్లో కళ్లారా కనిపించింది. కూలీల పిల్లల కోసం పుట్టిన పద్ధతి కూలీల పేటకు తిరిగి రావడం మాత్రం ఇంకా మిగిలే ఉంది.

ఆ పేటల్లో ఉన్నది అంగన్‌వాడీ. 1975 అక్టోబర్ 2న మొదలైన ఈ పథకం కాగితం మీద మొదటి నుంచీ పిల్లవాణ్ని ముక్కలు చేయలేదు. తిండి, టీకాలు, ఆరోగ్య పరీక్ష, బడికి ముందు చదువు అన్నీ ఒకే గదిలో పెట్టింది. 2013లో వచ్చిన ఆహార భద్రతా చట్టం అప్పట్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు హక్కుగా రాసింది. ఇబ్బంది గదిలో ఉన్న మనుషుల సంఖ్య దగ్గర వస్తుంది. ఒక టీచర్, ఒక ఆయా. టీచరే పిల్లల్ని తూచాలి, పొడవు కొలవాలి, గర్భిణుల ఇళ్లకు వెళ్లాలి, సరుకులు దింపించాలి, పోషణ్ ట్రాకర్ యాప్‌లో అన్నీ ఎక్కించాలి. మధ్యలో పాఠం. 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు రాష్ట్రవ్యాప్తంగా అంగన్‌వాడీ సిబ్బంది సమ్మె చేశారు. అప్పటికి టీచర్ నెల గౌరవ వేతనం 11,500 రూపాయలు, ఆయాకు 7,000. "కంచం నువ్వే వేసిరా బంగారం" అని ఓపిగ్గా ఆగే తీరిక ఇన్ని పనుల మధ్య ఎక్కడి నుంచి రావాలి?

రెండు చేతులు కలిపితే ఏమవుతుందో పొరుగునే చూశారు. తమిళనాడులో కార్తీక్ మురళీధరన్, మరి ఇద్దరు ఆర్థికవేత్తలు 320 అంగన్‌వాడీలను తీసుకుని, చీటీ పద్ధతిలో ఎంచిన సగం కేంద్రాల్లో అరపూట పనికి ఒక్క మనిషిని అదనంగా పెట్టించారు. ఆమె పని పిల్లలతో ఆట, పాట, పాఠం మాత్రమే. ఏడాదిన్నరకు చూస్తే బోధన సమయం రెట్టింపయింది, లెక్కలూ భాషా మెరుగయ్యాయి. అందరూ ఊహించింది అదే. ఊహించనిది ఏమంటే పిల్లల పొడవు, బరువు కూడా మెరుగయ్యాయి. పాఠం భారం తగ్గిన పాత టీచర్‌కు పోషణ చూసుకునే వ్యవధి దొరికింది మరి. తిండి గిన్నెలో ఒక్క గింజ పెంచకుండానే పిల్లలు ఎదిగారు.

మూడేళ్ల లోపు వాళ్ల సంగతి వేరే. వాళ్లకు అంగన్‌వాడీ ఇంటికి తీసుకెళ్లే సరుకు ఇస్తుంది గానీ పగలంతా ఒడి ఇవ్వదు. ఆరు నెలల బిడ్డను సైతం చూసుకునే క్రెష్‌లుగా కొన్ని అంగన్‌వాడీలను మార్చే పాల్నా పథకాన్ని కేంద్రం పెట్టింది. అయితే అంగన్‌వాడీ సాయంత్రం నాలుగింటికి మూతపడుతుంది, వన్‌టౌన్‌లో చీరల కొట్టు రాత్రి తొమ్మిదింటికి. ప్రసూతి చట్టానికి 2017లో వచ్చిన సవరణ 50 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థకు క్రెష్ తప్పనిసరి చేసింది. వన్‌టౌన్‌లోని బట్టల మార్కెట్ వస్త్రలతలో వందల కొట్లున్నాయి, ఒక్కో కొట్టులో పనిచేసేది కొద్దిమందే. చట్టం కొట్టును విడిగా లెక్కపెడుతుంది, కాబట్టి ఆ భవనంలో దాదాపు ఎవరికీ ఆ నిబంధన తగలదు. క్రెష్‌ను విడిగానే కాక ఉమ్మడి వసతిగానూ పెట్టుకోవచ్చని ఆ సవరణే చెప్పింది. లిఫ్టుకు, వాచ్‌మన్‌కు, వినాయకచవితి పందిరికి చందా పోగుచేసే వ్యాపారుల సంఘానికి ఒక గది, ఇద్దరు ఆయాలు, ఒక టీచర్ జీతం మోయలేని లెక్కేమీ కాదు.